పర్మనెంటయ్యాక చూద్దాం

అతన్ని ఆఫీసులో అందరూ పదకొండు అని పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, అది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. అతని ఉద్యోగం పదకొండు నెలలది. పదకొండు నెలలు పని, ఒక నెల విరామం, మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ పదకొండు నెలలు. మధ్యలో ఆ విరామం దేనికయ్యా అంటే, పన్నెండు నెలలూ వరసగా పనిచేస్తే మనిషికి తాను ఉద్యోగస్థుణ్ణన్న భ్రమ కలుగుతుందని కాబోలు. అలా తొమ్మిది కాగితాలు గడిచాయి.

పని కరెంటు మీటర్లు పరీక్షించడం. పొడుగాటి బల్ల మీద ఇరవై మీటర్లు వరసగా బిగించి, ఏది పరిగెడుతోందో ఏది కుంటుతోందో చూసి, సరిగ్గా నడిచేదానికి తీగ చుట్టి, పటకారుతో నొక్కి సీలు వెయ్యాలి. ఆ పనిలో అతని చెయ్యి తిరిగినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తిరగలేదు. తిరిగిన చెయ్యికి పర్మనెంటు ఇస్తారని ఏ రూల్సులోనూ లేదు.

పెళ్ళయిన కొత్తలో పిల్లల మాట వచ్చినప్పుడు అతను ఒకటే మాట అన్నాడు. "పర్మనెంటయ్యాక చూద్దాం."

"ఎందుకండీ?" అంది భార్య.

"నువ్వే లెక్క వెయ్యి. ఇవాళ కాగితం వచ్చిందనుకో. తొమ్మిది నెలలకి బిడ్డ పుడతాడు. పదకొండు నిండేసరికి వాడికి రెండు నెలలు. సరిగ్గా వాడు బోర్లాపడే వేళకి నేనూ బోర్లాపడతాను. మనింట్లో ఎవర్ని లేవనెత్తుతావు?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వునే ఒప్పందంగా తీసుకుని తొమ్మిదేళ్ళు గడిపేశాడు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు మాత్రం ఖాయం అని సామెత. వీళ్ళింట్లో ఆలు ఉంది, కొడుక్కో కూతురికో పెట్టాల్సిన పేరూ ఉంది, చూలుకి మాత్రం హెడ్డాఫీసు నుంచి ఆర్డరు రావాలి.

ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని రెండు బడులకి యూనిఫారాలు కుట్టేది. వీధిలో పిల్లలంతా కొలతలత్త అనేవారు. టేపు అక్కర్లేదు, గుమ్మం ముందు నుంచి పిల్లవాడు పరిగెత్తుతూ పోతే చాలు, సైజు చెప్పేసేది. ఏటా మొగుడికి కొత్త కాగితం వచ్చిన రోజున మాత్రం ఒక మాట అనేది. "మొదటి కాగితానికే పుట్టి ఉంటే, ఇప్పుడు వాడిది ఇరవై ఆరు సైజు." మరుసటేడు, "ఇరవై ఎనిమిది." ఇద్దరూ నవ్వేవారు. నవ్వాక అతను అర్జెంటుగా చెప్పులు తుడుచుకునేవాడు, ఆవిడ బాగానే నడుస్తున్న మిషనుకి నూనె వేసేది.

అతనికి నలభై రెండు నిండాయి, ఆవిడకి ముప్పై తొమ్మిది. అప్పుడు వచ్చింది కబురు.

తెచ్చినవాడు రేడియో బాబాయ్. స్టోర్ చూసే ముసలాయన. ఆయన వార్తల్లో సగం ఎప్పుడూ నిజమే. ఏ సగమో మాత్రం చెప్పడు.

"ఏమయ్యా పదకొండూ, ఈ ఏడు మన దగ్గర ఒక్కణ్ణి పర్మనెంటు చేస్తారట. సంతకం సారు ఎవరి పేరు రాసి పంపిస్తే వాళ్ళదే అదృష్టం."

సంతకం సారంటే వాళ్ళ మేనేజరు. మంచివాడో చెడ్డవాడో ఎవరికీ తెలీదు. తల వంచుకుని రోజంతా సంతకాలు పెట్టేవాడు. ఆయన ముఖం కన్నా నడినెత్తి బాగా గుర్తు అందరికీ.

"ఆయన్ని ఎట్లా పట్టుకోవాలి బాబాయ్?"

"ఆయనకి భార్య ఉంది, నర్సు. ఆదివారాలు కూడా డ్యూటీయే. ఆరేళ్ళ కూతురుంది. చూసుకునే మనిషి మానేసింది. పిల్లని ఎక్కడ వదలాలో తెలీక సారు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అంతకన్నా నేను చెప్పను."

అంతకన్నా చెప్పాల్సింది కూడా ఏమీ మిగల్లేదు. ఆ మధ్యాహ్నమే పదకొండు సంతకం సారు గదిలోకి వెళ్ళి, "పాపని ఆదివారం మా ఇంట్లో ఉంచండి సార్, మా ఆవిడకి పిల్లలంటే ప్రాణం," అనేశాడు. ఆ ప్రాణం గలావిడతో సాయంత్రం మాట్లాడవచ్చనుకున్నాడు.

"ఎవరి పిల్ల?" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"మా సంతకం సారు పిల్ల. ఒక్క ఆదివారం."

"దేనికి?"

"ఆయన సంతకం పెడితే నేను పర్మనెంటు. నేను పర్మనెంటయితే మనకి పిల్లలు."

"అంటే, మనకి పిల్లలు కలగాలంటే ముందు వాళ్ళ పిల్లని మనం పెంచాలన్నమాట."

"పెంచడం కాదే, చూడ్డం."

"ఏళ్ళెన్ని?"

"ఆరు."

"ఇరవై నాలుగు సైజు," అంది ఆవిడ. ఇంకొక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గంటసేపు వాదించడానికి సిద్ధమై వచ్చిన పదకొండుకి కాస్త నిరుత్సాహంగా కూడా అనిపించింది.

ఆదివారం పొద్దున్నే పిల్ల దిగింది. సాయంత్రానికల్లా ఆమెకి ఎందుకమ్మ అని పేరు పడింది.

"మీటరు ఎందుకు తిరుగుతుంది మామయ్యా?"

"దాంట్లోంచి కరెంటు వెళ్తుంది కాబట్టి."

"కరెంటు ఎందుకు వెళ్తుంది?"

"దీపం వెలగాలి కదా."

"వెలిగాక ఎక్కడికి వెళ్తుంది?"

రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న కరెంటు చదువంతా మధ్యాహ్నం భోజనాలకే అయిపోయింది. భోజనాలయ్యాక అసలు ప్రశ్న వచ్చింది.

"మీకు పిల్లలు ఎందుకు లేరు?"

మిషను చప్పుడు ఆగిపోయింది. "పర్మనెంటయ్యాక వస్తారమ్మా," అన్నాడు పదకొండు.

"పర్మనెంటు ఎక్కడుంది?"

"మీ నాన్న బల్ల సొరుగులో."

పిల్లకి తమాషాగా చెప్పాననుకున్నాడు. సోమవారం సంతకం సారు పిలిపించాడు. మొదటిసారి తలెత్తి చూశాడు.

"మా అమ్మాయి నిన్న నా సొరుగంతా బోర్లించి వెతికిందండీ. మీ పిల్లలు అందులో ఉన్నారట."

పదకొండు చేతులు కట్టుకున్నాడు. "చిన్నపిల్ల సార్, ఏదో విని ఏదో..."

సంతకం సారు ఏదో అనబోయి మానేశాడు. మళ్ళీ తల వంచుకుని, "వచ్చే ఆదివారం కూడా పంపించమంటారా?" అన్నాడు.

ఒక్క ఆదివారం నాలుగు ఆదివారాలైంది. ఆ తర్వాత బడి వదిలాక రోజూ సాయంత్రం కూడా అన్నారు. పదకొండు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎన్ని పూటలు చూస్తే సంతకం అంత నల్లగా పడుతుందని అతని నమ్మకం. మోకాళ్ళు నొప్పులున్నా గుర్రమయ్యాడు. ఎక్కినావిడ దిగదు, దిగమంటే ఎందుకంటుంది. ఇంట్లో ఉన్న గోడ సున్నం మీద పిల్లులూ, మీటర్లూ, మీటర్లు చూస్తున్న పిల్లులూ వెలిశాయి. యూనిఫారాల గడువు తప్పి, రెండు బడుల వాళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ వాళ్ళ గుడ్డ ముక్కలతోనే ఎందుకమ్మ బొమ్మకి నాలుగు గౌన్లు కుట్టి, వాళ్ళకి మాత్రం రేపు రండి అని చెప్పింది.

పదకొండు ఇదంతా పర్మనెంటు కోసమే అనుకున్నాడు. ఒక గురువారం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "ఇవాళ రాలేదా?" అన్నాడు.

"మీ పర్మనెంటుకి జ్వరం," అంది ఆవిడ.

"ఎంత ఉందట?"

"నూట ఒకటి. వాళ్ళమ్మ సెలవు పెట్టింది."

అతను చెప్పులు విప్పాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. వీధి చివర దాకా వెళ్ళి ఒక బిస్కెట్ల పొట్లం కొనుక్కొచ్చి, దాన్ని ఎవరికివ్వాలో తెలీక అలమరలో పెట్టాడు.

ఇలా నెలలు గడుస్తుండగా సీళ్ళ గొడవ వచ్చిపడింది.

మర్నాడు పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి మీటర్లు చూడాలని, ఒకరోజు పటకారూ, తీగా, నలభై సీళ్ళూ సంచిలో ఇంటికి తెచ్చాడు. ప్రతి సీలుకీ ఒక నంబరుంటుంది. ఒక్కటి పోయినా రాతపూర్వకంగా సంజాయిషీ చెప్పుకోవాలి. పర్మనెంటు వాళ్ళకైతే సంజాయిషీతో సరి, పదకొండు నెలల వాళ్ళకి అదే ఆఖరి కాగితం కావచ్చు. ఆ సంగతి ఎందుకమ్మకి ఎప్పుడో పాఠంలా చెప్పాడు కూడా. "సీలు వేశామంటే ఇంక ఎవరూ విప్పకూడదు. తెంపితే నేరం."

స్నానానికి వెళ్ళి వచ్చేసరికి పాఠం ఎంత బాగా ఒంటబట్టిందో కనిపించింది. కుళాయికి సీలు. అలమరకి సీలు. అతని చెప్పులు రెండూ కలిపి సీలు. మిషను చక్రానికి సీలు. తొడుక్కోవాల్సిన చొక్కాకి గుండీ గుండీకీ సీలు. రెండు చేతులతో పటకారు నొక్కి నొక్కి పిల్ల అరచేతులు కమిలిపోయాయి గాని పని మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్క సీలు కూడా వదులుగా లేదు.

"ఏమే, చూడలేదా నువ్వు?" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు.

ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. పక్కనే పిల్ల. పిల్ల కుడి మణికట్టూ ఆవిడ ఎడమ మణికట్టూ కలిపి తీగ చుట్టి ఉంది. దానికి వరసగా మూడు సీళ్ళు.

"ఇదేమిటమ్మా?" అన్నాడు పదకొండు.

"ఇంక నేను ఇంటికి వెళ్ళను," అంది ఎందుకమ్మ. "తెంపితే నేరం."

"నువ్వెలా వేయించుకున్నావే?"

"అడిగింది," అంది ఆవిడ. "చెయ్యి ఇచ్చాను."

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. ఎప్పుడూ ఏడుకి వచ్చే సంతకం సారు ఆ రోజు ఆరింటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటి మీద చొక్కా లేని ఉద్యోగస్థుణ్ణీ, సీలు వేసిన కుళాయినీ, సీలు వేసిన కూతుర్నీ చూశాడు. పదకొండు తువ్వాలు కప్పుకుని, "సార్, ఇది ప్రభుత్వ ఆస్తి అని నాకు తెలుసు సార్," అని మొదలుపెట్టాడు. కూతురని అన్నాడో సీళ్ళని అన్నాడో అతనికే తెలీదు.

సంతకం సారు నవ్వలేదు, కోప్పడలేదు. వచ్చి పిల్ల పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నన్ను తీసేశారండీ," అన్నాడు.

ఇద్దరికీ అర్థం కాలేదు.

"నాదీ కాంట్రాక్టే. మూడేళ్ళది. ఈ నెలాఖరుకి అయిపోతుంది, పొడిగించట్లేదని ఇవాళ చెప్పారు. వాళ్ళమ్మకి వేరే ఊళ్ళో ఆసుపత్రిలో పని దొరికింది. వెళ్ళిపోతాం."

పదకొండు కప్పుకున్న తువ్వాలు గట్టిగా పట్టుకున్నాడు. "మరి... మీ సంతకం?"

"వచ్చిన కాగితం పైకి పంపించడానికి పెట్టే సంతకమండీ అది. పర్మనెంటు లిస్టు నా దగ్గరికే రాదు. హెడ్డాఫీసులో ఏళ్ళ వరస చూసుకుని వాళ్ళే రాస్తారు. మీ పేరు ఎక్కడో వరసలో ఉంది. పాప మా ఇంటికి మీ సొరుగు మాట మోసుకొచ్చిన రోజే చెప్పేద్దామనుకున్నాను. చెబితే మీరు పిల్లని చూడరేమోనని... తప్పే. నాకు వేరే దిక్కు లేకపోయింది."

పాపం పదకొండు. తాను ఆయన్ని బుట్టలో వేస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. బుట్ట ఆయనదే.

కోపం రావాల్సిన చోట అతనికి ఒక ప్రశ్న వచ్చింది. "సార్, మీదీ ఖాయం ఉద్యోగం కాదంటున్నారు. మరి పాపని ఎట్లా... అంత ధైర్యం ఎట్లా చేశారు?"

"ధైర్యం ఎక్కడిదండీ. ఇది పుట్టేనాటికి నాకు అసలు ఉద్యోగమే లేదు. ఐదు నెలలు ఖాళీగా ఉన్నాను. రోజూ భయపడ్డాం. భయపడుతూనే ఉన్నాం, ఇది పుట్టేసింది. ఇప్పటికీ భయమే."

ఎందుకమ్మ కూడా ఎందుకు అనలేదు.

చివరికి తీగ తెంపాల్సి వచ్చింది. పదకొండు కటింగ్ ప్లయరు తెచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఆవిడే మిషను సొరుగు లోంచి కత్తెర తీసింది. గుడ్డ తప్ప కాగితం ముక్క కూడా తగలనివ్వని కత్తెర అది. దానితో తీగ పటుక్కుమని తెంపింది. కత్తెర అంచు విరిగింది.

"నేరం," అంది పిల్ల ఏడుస్తూ.

"అవునమ్మా," అంది ఆవిడ.

మర్నాడు సీళ్ళ సంజాయిషీ కాగితం మీద సంతకం సారు 'కారణం' అన్నచోట 'నా కూతురు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ ఆఫీసులో ఆయన సొంతంగా రాసిన మాటలు అవేనని రేడియో బాబాయ్ తర్వాత అందరికీ చెప్పాడు. ఆ సగం నిజమే.

నెలాఖరుకి వాళ్ళు వెళ్ళిపోయారు. బడుల వాళ్ళ యూనిఫారాలు గడువు కన్నా ముందే తయారవడం మొదలైంది. పదకొండు ఒక ఆదివారం గోడకి సున్నం వేద్దామా అని అడిగాడు. ఆవిడ వద్దంది. అతనూ మళ్ళీ అడగలేదు.

నాలుగు నెలలకి, ఎవరూ ఎదురుచూడని ఒక బుధవారం, ఆర్డరు వచ్చింది. ఎవరి సంతకమూ, ఎవరి పిల్లా అక్కర్లేకుండానే, ఏళ్ళ వరసలో అతని పేరు పైకొచ్చింది. పదకొండు ఇంటికి పరిగెత్తాడు. నలభై రెండేళ్ళవాడు, మోకాళ్ళ నొప్పులవాడు, నిజంగానే పరిగెత్తాడు.

ఆవిడ ఆర్డరు రెండుసార్లు చదివింది. "రెండేళ్ళు ప్రొబేషనని ఉంది."

"ఉంటే ఉండనీ."

"ఈ లోపల పని నచ్చకపోతే తీసేయొచ్చని కూడా ఉంది."

"ఉండనీవే. సంతకం సారు ఏం చూసుకుని కన్నాడు? ఇంక ఆగేది లేదు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

తొమ్మిదేళ్ళలో అతను అంత తెగువగా మాట్లాడింది అదే మొదలు. ఆవిడ కాగితం మడత పెట్టి అతని చేతికిచ్చింది.

"నేను వెళ్ళొచ్చానండీ."

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. పోయినేడు, మీ విరామం నెలలో. మీరు కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. నాకు నెలలు తప్పుతుంటే, ఏమోనని ఆశపడి వెళ్ళాను. అది కాదన్నారు. వయసుకి ముందే ఆగిపోయిందట. కొందరికి అలా అవుతుందట. రెండోసారి కూడా పరీక్ష చేయించుకున్నాను. ఇంక లేదన్నారు."

పదకొండు బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నది బల్ల మీదున్న గుడ్డల మీదని ఆవిడ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"పర్మనెంటు కోసం అంత తిరుగుతున్నారు. దేనికోసం తిరుగుతున్నారో అది లేదని చెబితే, ఇంక మీరు దేనికి తిరుగుతారు?"

అంతలో అతనికి ఇంకో సంగతి తట్టింది. "అయితే... నేను ఆ పిల్లని తెస్తానన్నప్పటికే నీకు తెలుసు."

"తెలుసు."

"మరి పర్మనెంటయితే మనకి పిల్లలని నేను చెబుతుంటే..."

"విన్నాను. మీరు సంతకం కోసం తెచ్చారు. నేను నాకోసం ఉంచుకున్నాను. ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

అతను ఆర్డరు వైపు చూశాడు. తొమ్మిది కాగితాల కన్నా ఇది కాస్త మందంగా ఉంది. "నేనే ఆగమన్నాను," అన్నాడు. "ప్రతిసారీ నేనే."

"మీరు ఆపితే ఆగేదాన్నేనా? ఎప్పుడైనా ఆగానా?" అంది ఆవిడ. "నాకూ భయమే వేసింది. మీరు ముందు అనేవారు, నాకు అనే అవసరం లేకపోయేది. లేవండి, ఆ గుడ్డలు నలుగుతున్నాయి."

లేచాడు. గుడ్డలు ఒక్కొక్కటే తీసి చేత్తో సాపు చేశాడు. ఆవిడ పక్కనే నిలబడి, అతను సాపు చేసినవాటిని మళ్ళీ సాపు చేసింది. ఎవరూ భోజనం సంగతి ఎత్తలేదు.

మర్నాడు అతను ఆఫీసుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అలా జరగలేదు. కాంట్రాక్టు మనిషి ఆలస్యం చెయ్యడు, చెయ్యలేడు. రేడియో బాబాయ్ హాజరు పుస్తకం ముందుకి తోసి, పెన్ను అందిస్తూ నవ్వాడు.

"ఏమయ్యా, పర్మనెంటయిన మర్నాడే లేటా?"

పదకొండు సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాడు.

"అవును బాబాయ్," అన్నాడు. "బాగా లేటయింది."